కానూరులో రెండో ఫ్లాట్, 40 లక్షల లోను: మార్చి నుంచి సెప్టెంబర్ దాకా నా అనుభవం

2025 మార్చి 9, ఆదివారం నాడు ఫ్లాట్ చూశాం. జులై 30న రిజిస్ట్రేషన్ అయింది. సెప్టెంబర్ 15న అద్దెవాళ్లు దిగారు. ఈ ఆరు నెలల్లో ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే నాకు కనీసం రెండు నెలల టెన్షన్ తప్పేది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. మా ఆవిడ ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్, చేతికొచ్చే జీతం 46,000. మేముంటున్న గుణదల ఫ్లాట్ మీద పాత హోమ్ లోను ఇంకా నడుస్తోంది, నెలకు 17,600 ఈఎంఐ. షాపులో ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు కాబట్టి, అద్దె వచ్చే ఇల్లు ఒకటి ఉంటే పాప చదువు నాటికి ధీమాగా ఉంటుందని ఇద్దరం అనుకున్నాం.

మొదట సింగ్‌నగర్ వైపు ఒకటి చూశాం, 38 లక్షలకే వస్తోంది. ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంది, ఇంట్లోకి నీళ్లు రాలేదు. కానీ కింద పార్కింగ్‌లో లిఫ్టు పక్క గోడ మీద, సరిగ్గా నా ఛాతీ ఎత్తున, 2024 సెప్టెంబర్ బుడమేరు వరద వదిలేసిన మట్టిగీత ఉంది. పైన రంగు వేసినా కనిపిస్తూనే ఉంది. మా ఆవిడ దాని మీద వేలు పెట్టి చూసి, ఏమీ మాట్లాడకుండా బయటికొచ్చేసింది. ఆ ఇంటి సంగతి అక్కడితో వదిలేశాం. తర్వాత బందరు రోడ్డు మీద పటమట దాటాక కానూరులో ఇది దొరికింది. రెండు బెడ్‌రూములు, 1,100 అడుగులు, నాలుగో అంతస్తు, స్థలంలో విడదీయని వాటా (అన్‌డివైడెడ్ షేర్) 38 గజాలు. అమ్మేది రిటైరైన హెడ్‌మాస్టరు గారు, హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఉగాది రోజున 54 లక్షలకు మాట ఖాయమైంది.

అసలు కథ అక్కడే మొదలైంది. మాట అయిపోయి కాఫీ తాగుతుంటే మాస్టారు మామూలుగా, "రిజిస్ట్రేషన్ గవర్నమెంటు వాల్యూకి చేసుకుందాం బాబూ, 36 లక్షలకి. మిగతా 18 చేతికిచ్చెయ్యండి" అన్నారు. మా ఊళ్లో దీన్ని ఎవరూ తప్పనుకోరు, ఆయనా తప్పుడు ఉద్దేశంతో అనలేదు. నేనూ సరే అనబోయాను. కానీ ఇంటికొచ్చి లెక్క వేస్తే చెమటలు పట్టాయి. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోనుకి బ్యాంకు ఇచ్చేది ఆస్తి విలువలో 80 శాతం దాకానే. ఆ విలువ అంటే కాగితం మీద ఉన్నదే. 36 లక్షల డాక్యుమెంటుకి ఎంత లాగినా లోను 30 లక్షలు దాటదు. 54 లక్షల డాక్యుమెంటుకైతే 43 లక్షల 20 వేలు. అంటే స్టాంపు ఖర్చులో 1,35,000 మిగుల్చుకోవడానికి పోయి 13 లక్షలకు పైగా లోను పోగొట్టుకోవాలి. ఆ 13 లక్షలు నేనెక్కడి నుంచి తేవాలి, అది కూడా నోట్ల రూపంలో?

ఏప్రిల్ మొదటి వారంలో మాస్టారిని మా ఆడిటర్ గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనకున్న భయం ఒక్కటే, 54 చూపిస్తే పన్ను ఎంత పడుతుందో అని. ఆడిటర్ గారు రెండు విషయాలు చెప్పారు. ఇల్లు అమ్మేటప్పుడు 20,000, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవాళ్ల మీద అంతే మొత్తం జరిమానా పడొచ్చు. రెండోది, మాస్టారు ఎలాగూ హైదరాబాద్‌లో ఇల్లు కొంటున్నారు కాబట్టి, రెండేళ్లలోపు తన పేరు మీదే కొని ఈ అమ్మకంలో వచ్చిన లాభం అందులో పెడితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను కట్టక్కర్లేదు. అప్పటిదాకా మాస్టారు కొడుకు పేరు మీద కొందామనుకుంటున్నారు. ఆయన ముఖంలో బరువు దిగిపోవడం నేను చూశాను. మెట్లు దిగుతూ నా భుజం మీద చెయ్యేసి, "మొత్తం వైటే చేసుకుందాం బాబూ, నాకూ నిద్ర పడుతుంది" అన్నారు. ఆడిటర్ గారికిచ్చిన 2,000 ఫీజు, ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన అత్యంత విలువైన ఖర్చు.

ఏప్రిల్ 10న 54 లక్షలకే అగ్రిమెంటు రాసుకున్నాం, 90 రోజుల గడువు. 2 లక్షలు అడ్వాన్సు ఖాతాలోంచే పంపాను. అక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. బ్యాంకు లోను రాకపోతే అడ్వాన్సు తిరిగివ్వాలన్న వాక్యం అందులో రాయించుకోలేదు. నాకు లోను రాకపోవడమేమిటి అనుకున్నాను. పాత లోను ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు, అప్పులు ఎలా కట్టామో చూపించే సిబిల్ స్కోరు 786.

ఏప్రిల్ 15న పాత లోను ఉన్న బ్యాంకుకే వెళ్లాను. మూడేళ్ల ఐటీ రిటర్నులు, షాపు జీఎస్టీ, ఏడాది స్టేట్‌మెంట్లు, మా ఆవిడ జీతం కాగితాలు అన్నీ ఇచ్చాను. పదిహేడు రోజులు గడిచాక మే 2న ఫోను: "సార్, 17 లక్షలకు మించి రాదండి."

కారణం ఏమిటంటే, వాళ్లు నా రిటర్నులు మాత్రమే తీసుకున్నారు. మూడేళ్ల సగటు ఏడాదికి 7 లక్షల 70 వేలు, నెలకు 64,000 పైచిలుకు. అందులో సగమే ఈఎంఐలకు పోవాలని లెక్క. పాత ఈఎంఐ 17,600 తీసేస్తే మిగిలింది 14,500 కూడా లేదు. మా ఆవిడ జీతంలో పీఎఫ్ కోత లేదని దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఇన్నేళ్లూ రిటర్నులో ఆదాయం తక్కువ చూపించి పన్ను మిగిలిందని సంతోషపడిన సంవత్సరాలన్నీ ఆ ఫోను పెట్టేశాక గుర్తొచ్చాయి. షాపున్నవాళ్లెవరైనా రెండేళ్లలో లోను తీసుకునే ఆలోచన ఉంటే, దయచేసి ఇప్పటి నుంచే రిటర్నులు సరిగ్గా వేయండి.

ఆ వారం నిద్ర లేదు. అగ్రిమెంటు జులై 9తో అయిపోతుంది, 2 లక్షల అడ్వాన్సు పోతుందేమోనని ఒక భయం, మాట ఇచ్చి వెనక్కి తగ్గాల్సి వస్తుందేమోనని అంతకంటే పెద్ద భయం. ఆ కంగారులో లోను ఏజెంటు కుర్రాడొకతను "అన్నా, నేను చూసుకుంటా" అంటే కాగితాలు ఇచ్చేశాను. అతను వారం తిరక్కుండా మూడు చోట్ల ఫైలు పడేశాడు. ప్రతి చోటా సిబిల్ తీశారు. 786 ఉన్న స్కోరు 761కి వచ్చింది. ఇందులో అతని తప్పేమీ లేదు, ఒక్క చోటే వెయ్యమని నేను చెప్పాల్సింది.

ఆ మూడింటిలో ఒక బ్రాంచి మేనేజరు గారు మాత్రం కూర్చోబెట్టి మాట్లాడారు. మే 6న ఫైలు తీసుకున్నారు. మా ఆవిడ ఫారం 16, ఆమె ఖాతాలో నెలనెలా పడిన జీతం చూసి, ఆమెను కో-అప్లికెంటుగా పెట్టి పూర్తి జీతం లెక్కలోకి తీసుకున్నారు. నాది తాజా రిటర్ను 8 లక్షల 10 వేలు తీసుకున్నారు. ఇద్దరిదీ కలిపితే నెలకు 1,13,500. అందులో సగంలోంచి పాత ఈఎంఐ తీసేసినా 39,000 దాకా కొత్త ఈఎంఐకి చోటు వచ్చింది. అవే కాగితాలు, అదే మనుషులు. ఒక చోట 17 లక్షలు, ఇంకో చోట 43 లక్షలు. ఇది రెండో ఇల్లు కాబట్టి మామూలు హోమ్ లోను కిందే వస్తుందని, మూడో ఇంటి నుంచి కమర్షియల్ కింద చూస్తారని కూడా ఆయనే చెప్పారు.

తర్వాత లీగల్, వాల్యుయేషన్. ఈ రెండూ బ్యాంకు ప్యానెల్ వాళ్లే చేస్తారు, ఫీజు మాత్రం మనదే. మే 21న లాయరు గారి రిపోర్టులో ఒక అభ్యంతరం వచ్చింది. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్) తీస్తే, 2009లో బిల్డరు ఆ స్థలం తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నట్టు ఉంది, తీర్చినట్టు లేదు. అప్పు ఎప్పుడో తీరిపోయింది, కానీ తాకట్టు విడిపించినట్టు రాసే రిలీజ్ డీడ్ రిజిస్టరు చేయించలేదు. మాస్టారు పద్నాలుగేళ్లు ఆ ఇంట్లో ఉన్నారు, ఆయనకీ సంగతి తెలియదు. పాపం డెబ్బై దగ్గర పడిన మనిషి, ఎండల్లో బిల్డరు ఆఫీసు చుట్టూ తిరిగారు. రెండుసార్లు నేనే బండి మీద తీసుకెళ్లాను. అడ్వాన్సు ఇచ్చే ముందు ఈసీ ఒకటి తీసి, దాన్ని అర్థం చేసుకునే మనిషికి చూపించి ఉంటే ఇది మార్చిలోనే తేలిపోయేది.

మే 27న వాల్యుయేషన్ వచ్చింది: 50 లక్షలు. మేము కొంటున్నది 54కి. అగ్రిమెంటు ధర, ఇంజినీరు విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే దాని మీదే 80 శాతం. అంటే 43 లక్షల 20 వేలు కాస్తా 40 లక్షలైంది. ఒక్క కాగితంతో 3 లక్షల 20 వేలు నా చేతిలోంచి పెట్టాల్సిన లెక్కలోకి వచ్చి పడ్డాయి.

వడ్డీ విషయంలో మాత్రం కలిసొచ్చింది. మేలో 8.40 అన్నారు. జూన్ 6న రిజర్వు బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ) అర శాతం తగ్గించి 5.50 చేసింది. జూన్ 13న వచ్చిన శాంక్షన్ లెటర్లో 7.90 ఉంది. 40 లక్షలు, 20 ఏళ్లు, ఈఎంఐ 33,209. లెటరుతో పాటు లోను మీద ఇన్సూరెన్సు అని 1,18,000 కలిపారు, లోనులోనే వేసేస్తాం అన్నారు. అంటే దానికి కూడా 20 ఏళ్లు వడ్డీ కట్టాలి. నాకు వేరే టర్మ్ పాలసీ ఉంది, ఇది వద్దని కాగితం మీద రాసిచ్చాను. కౌంటరులో కాస్త ముఖం మాడ్చుకున్నారు గానీ తీసేశారు. అడగకపోతే ఉండిపోయేది.

రిలీజ్ డీడ్ జూన్ 24న రిజిస్టరయింది. జూన్ 26 నుంచి ఆషాఢం. మా అత్తయ్యగారు ససేమిరా అన్నారు, మాస్టారి ఇంట్లోనూ అదే మాట. నాకు పట్టింపు లేదు, కానీ ఇల్లు విషయంలో పెద్దవాళ్ల మనసు కష్టపెట్టడం ఇష్టం లేక శ్రావణం దాకా ఆగుదామన్నాను. అగ్రిమెంటు ఆగస్టు 15 దాకా పొడిగించాం, ఈసారి లోను రాకపోతే అడ్వాన్సు వాపసు అన్న వాక్యం రాయించాను.

ఆ నెల ఆగడం వల్ల డబ్బు సర్దుకోవడానికి టైము దొరికింది. నా చేతిలోంచి పెట్టాల్సింది ఎంతో ఒకసారి చూడండి. ధరలో బ్యాంకు ఇవ్వని 14 లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే 4,05,000, దీన్ని బ్యాంకు లోనులో కలపదు. బ్రోకరుకు 50,000. ప్రాసెసింగు, లీగల్, వాల్యుయేషన్, తాకట్టు కాగితం రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 45,000. మొత్తం 19 లక్షలు. 54 లక్షల ఇంటికి 40 లక్షలు లోను వస్తే 14 ఉంటే చాలు అనుకున్నవాడిని నేను.

ముందే అడ్వాన్సుగా ఇచ్చిన 2 లక్షలతో కలిపి ఎఫ్‌డీలవి 8,25,000. 5 లక్షల చీటీ ఉంది, నెలకు 25,000, ఇరవై నెలలు. జులైలో పదమూడో పాట పాడి 4,35,000కి ఎత్తాను. మామయ్యగారు 3 లక్షలు ఇచ్చారు. నేను అడగలేదు. మా ఆవిడ పుట్టింటికి ఫోను చేసి మాట్లాడుతుంటే విన్నారట, మర్నాడు పొద్దున్నే ఫోను చేసి, "అల్లుడుగారూ, ఖాతా నంబరు పంపండి, బ్యాంకులో ఊరికే పడున్నాయి" అన్నారు. అంతకు మించి ఒక్క మాట లేదు.

ఇంకా 3,40,000 తక్కువయ్యాయి. బంగారం పెట్టాం. కౌంటరు అవతల అతను నాలుగు గాజులు, హారం, పాప పుట్టినప్పుడు మా అమ్మ పెట్టిన చిన్న గొలుసు ఒక్కొక్కటీ నల్లరాయి మీద గీసి, చుక్క వేసి చూసి, తూకం వేసి పుస్తకంలో రాసుకుంటుంటే, మా ఆవిడ చెయ్యి తెలియకుండానే మెడలో నాంతాడు పట్టుకుంది. బయటికొచ్చాక తనే నవ్వుతూ "ఇల్లు కూడా నగే కదండీ" అంది. నేను సమాధానం చెప్పలేకపోయాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. డబ్బు విడుదల చేసే ముందు బ్యాంకు సిబిల్ మళ్లీ తీస్తుంది, ఇది నాకు తెలియదు. జులై 25న మేనేజరు గారి నుంచి ఫోను, కొత్తగా గోల్డ్ లోను కనిపిస్తోంది ఏమిటి అని. గుండె జారిపోయింది. దాని నెల వడ్డీ 2,700 దాకా కలిపినా మా లెక్క 39,000 లోపే ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే రిజిస్ట్రేషన్‌కి అయిదు రోజుల ముందు లోను తగ్గించేసేవాళ్లు. బంగారం పెట్టే పనుంటే ముందే మేనేజరుకి చెప్పి పెట్టండి.

ఇంకో సంగతి, ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు అమ్మేవాళ్ల పన్ను కింద ఒక శాతం (టీడీఎస్) పట్టుకుని ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి. మాస్టారి తరఫున 54,000 నేను ఫారం 26క్యూబీలో కట్టి చలానా చూపిస్తేనే బ్యాంకువాళ్లు డీడీ (డిమాండ్ డ్రాఫ్టు) ఇస్తామన్నారు. మాస్టారికి ఇది ముందు చెప్పకపోతే, తన డబ్బులో 54,000 తగ్గాయేమిటని అనుమానం వస్తుంది. కూర్చోబెట్టి చెప్పాను, అర్థం చేసుకున్నారు.

జులై 30, బుధవారం. స్లాటు పదకొండున్నరకి. పదికే అందరం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉన్నాం. బ్యాంకు మనిషి 40 లక్షల డీడీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చాడు. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని చదివి, "నా పేరు ఇది కాదే" అన్నారు. డాక్యుమెంటులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది, ఆధార్‌లో, ఆయన ఖాతాలో పూర్తిగా ఉంది. డీడీ పొట్టి పేరుతో తీశారు. అది ఆయన ఖాతాలో పడదు. బ్యాంకు మనిషి వెనక్కి పరుగెత్తాడు. స్లాటు పోయింది. రెండు కుటుంబాలూ మధ్యాహ్నం దాకా ఆ బెంచీల మీద, పులిహోర పొట్లాలు పంచుకుంటూ కూర్చున్నాం. మూడూ పదికి కొత్త డీడీ వచ్చింది. మా వంతు వచ్చి వేలిముద్రలు, ఫొటోలు అయ్యేసరికి నాలుగూ నలభై. నేను పంపాల్సిన 11,46,000 అంతకు ముందే మాస్టారి ఖాతాలో పడింది. అమ్మేవాళ్ల పేరు ఆధార్‌లో, పాన్‌లో, పాసుబుక్కులో, డాక్యుమెంటులో ఒకేలా ఉందో లేదో వారం ముందే పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మాస్టారి భార్య తాళాల గుత్తి పసుపు రాసి మా ఆవిడ చేతిలో పెట్టి, "తులసి కోట మాత్రం తీయకమ్మా" అన్నారు. ఇప్పటికీ అది బాల్కనీలోనే ఉంది.

ఒరిజినల్ డాక్యుమెంటు మన చేతికి రాదు. మా ఆవిడ దుర్గమ్మ గుడికి తీసుకెళ్లి అమ్మవారి పాదాల దగ్గర పెట్టిద్దామనుకుంది, జిరాక్సు తీసుకెళ్లాల్సి వచ్చింది. బ్యాంకుకు ఏమేమి ఒరిజినల్స్ ఇచ్చామో జాబితా రాయించి, సంతకం, ముద్ర వేయించుకోండి. లోను తీరాక 30 రోజుల్లో తిరిగివ్వాలి, వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కానీ ఏమిచ్చామో మన దగ్గర రుజువు ఉండాలి కదా.

రంగులు, బాత్రూము ట్యాపులు, వంటింటి ప్లాట్‌ఫారం రిపేరుకి 62,000 అయ్యాయి. ఇది నా లెక్కలో ఎక్కడా లేదు, షాపు డబ్బు తీశాను. ఆగస్టు అంతా ఇల్లు ఖాళీ. సెప్టెంబర్ 5న మొదటి ఈఎంఐ పోయింది, అద్దె పైసా రాలేదు. పదిహేనున ఒక కుటుంబం దిగింది, నెలకు 15,500, రెండు నెలల అడ్వాన్సు. అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు 1,800 నేనే కడతాను. అంటే నెలకు 19,500 మా జేబులోంచి పోతోంది. మొదటి ఈఎంఐలో అసలుకి వెళ్లింది 7,000 కూడా కాదు, 26,000 పైన వడ్డీయే. అద్దెతో ఈఎంఐ వెళ్లిపోతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు, మా ఊళ్లో ఇప్పుడున్న అద్దెలతో అది జరిగే పని కాదు. పన్నులోనూ పెద్దగా కలిసిరాదు. నేను ఆదాయపు పన్ను కొత్త విధానంలో ఉన్నాను, వడ్డీ చూపిస్తే అద్దె మీద పన్ను పోతుంది అంతే, మిగిలిన నష్టాన్ని షాపు ఆదాయంలోంచి తగ్గించుకోవడం కుదరదు.

తెలిసే దిగాం కాబట్టి బాధ లేదు. 38 గజాలు మాది, మా మీద నమ్మకంతో ఇచ్చి వెళ్లిన మనిషి ఇల్లు. డిసెంబర్ 5న రెపో ఇంకో పావు శాతం తగ్గింది, ఈఎంఐ తగ్గించొద్దు, కాలం తగ్గించండని బ్యాంకుకి చెప్పాను. ఫ్లోటింగ్ వడ్డీ లోను కాబట్టి ముందే కట్టినా జరిమానా లేదు. 7.90 మీదే లెక్క వేసినా, నెలకు 5,000 ఎక్కువ కడితే 20 ఏళ్లది 15 ఏళ్ల లోపే తీరిపోతుంది.

ఫిబ్రవరితో చీటీ వాయిదాలు అయిపోతాయి. ఆ 25,000 మార్చి నుంచి ముందు బంగారం విడిపించడానికి, తర్వాత మామయ్యగారికి. ఆయన వద్దంటారని తెలుసు, అందుకే ఖాతా నంబరు అత్తయ్యగారిని అడిగి రాసుకున్నాను.